షేక్‌స్పియర్ కాలం నాటి పుస్తకాన్ని ఎవరు, ఎక్కడ, ఎలా అమ్మారో మొదటి పేజీ చూసి తెలుసుకోవడం ఎలా?

1600 ప్రాంతంలో లండన్‌లో నాటకం పుస్తకం కొంటే రంగుల అట్ట ఉండదు, వెనక పొగడ్తలు ఉండవు, ధర అచ్చువెయ్యరు. చిన్న పుస్తకాలు చాలావరకు మడిచిన కాగితాలకు పక్కన కుట్టు వేసి అమ్మేవే. బైండింగ్ కావాలంటే ఖర్చు వేరే. అందుకే ప్రచారం భారమంతా పుస్తకం పేరు వేసిన మొదటి పేజీ మీదే పడేది. ఆ పేజీలు విడిగా తీసి స్తంభాలకీ గోడలకీ అంటించేవాళ్లు కూడా. కాబట్టి దాన్ని గోడమీది పోస్టర్ చదివినట్టు చదవండి.

1. ముందు మంచి ఫొటో సంపాదించండి

వాషింగ్టన్‌లోని ఫోల్జర్ లైబ్రరీ, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ వంటివి పాత ప్రతుల్ని స్కాన్ చేయించాయి. మొదటిసారైతే షేక్‌స్పియర్ నాటకం ‘కింగ్ లియర్’ 1608 ముద్రణ తీసుకోండి. అక్షరాలు చూసి కంగారు పడొద్దు: మాట మొదట్లోనో మధ్యలోనో ‘ఎస్’ అచ్చం ‘ఎఫ్’లా కనిపిస్తుంది, ‘జె’ ఉండాల్సిన చోట ‘ఐ’ ఉంటుంది. పది నిమిషాల్లో అలవాటైపోతుంది.

2. కింది నుంచి మొదలుపెట్టండి

అందరూ పైనున్న పేరు చూస్తారు. అసలు సమాచారం అడుగున ఉంది. ‘ప్రింటెడ్ బై’ తర్వాత ఉన్నది అచ్చువేసినవాడు. ‘ఫర్’ తర్వాత ఉన్నది డబ్బు పెట్టినవాడు, అంటే నష్టం వస్తే మునిగేవాడు. ‘టు బి సోల్డ్’ తర్వాత దుకాణం. మూడూ ప్రతిసారీ ఉండవు. మన లియర్‌నే చూడండి: నథానియల్ బటర్ కోసం అచ్చయిందని ఉంది, అచ్చువేసిన నికొలస్ ఓక్స్ పేరే లేదు. కూలికి అచ్చువేసినవాడి పేరుతో కొనేవాడికి పనేముంది!

3. అడ్రసు పట్టుకోండి

బటర్ దుకాణం ‘పాల్స్ చర్చియార్డ్‌లో, పైడ్ బుల్ బొమ్మ గుర్తు దగ్గర, సెయింట్ ఆస్టిన్స్ గేటుకి సమీపంలో’. ఇంటి నంబర్లు ఇంకా రాని కాలం అది. మనం ‘రామాలయం వెనక సందు’ అని చెప్పినట్టే వాళ్లు మచ్చల ఎద్దు బొమ్మ పేరు చెప్పేవాళ్లు. సెయింట్ పాల్స్ పెద్ద చర్చి చుట్టూ ఉన్న ఆవరణే అప్పటి లండన్ పుస్తకాల బజారు. అయితే అడ్రసు ఉంది కదా అని పుస్తకం అక్కడొక్కచోటే దొరికేదనుకోకండి. అది ఎక్కువగా తోటి వ్యాపారుల కోసం: టోకుగా ఎక్కడ దొరుకుతుందో చెప్పడానికి.

ఒకే పుస్తకానికి రెండు పేర్లూ ఉండొచ్చు. 1609లో వచ్చిన షేక్‌స్పియర్ సానెట్ల (పద్నాలుగు పాదాల కవితల) పుస్తకంలో కొన్ని ప్రతుల మీద విలియం ఆస్ప్లీ, కొన్నిటి మీద జాన్ రైట్ అమ్ముతున్నట్టు ఉంటుంది. సరుకు ఇద్దరు పంచుకున్నారన్నమాట.

4. ఇప్పుడు పైకి రండి, పొగడ్తలు లెక్కపెట్టండి

లియర్ పేజీలో అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో ఉన్నది రచయిత పేరు. దాని కింద రాజు, ముగ్గురు కూతుళ్లు, పిచ్చివాడి వేషం వేసే ఎడ్గార్ కథ, క్రిస్మస్ సెలవుల్లో వైట్‌హాల్ రాజభవనంలో రాజుగారి ముందు ఆడిన సంగతి, ఆడిన నటులు మామూలుగా గ్లోబ్ థియేటర్‌లో ఆడతారన్న మాట, అన్నీ వరసగా ఉన్నాయి. నాకు ఇది ముమ్మాటికీ సినిమా పోస్టరే.

‘కొత్తగా’, ‘పెంచి’, ‘సరిదిద్ది’ అన్న మాటలు కనిపిస్తే ఆగి, ముందు ముద్రణతో పోల్చండి. చాలాసార్లు గొప్పలే. కానీ 1604 ‘హామ్లెట్’ మీద ‘దాదాపు ఇంకో అంత పెంచాం’ అన్నది నిజం: 1603 నాటిది అందులో సగానికి కాస్త ఎక్కువ, అంతే.

5. తేదీని నమ్మేముందు

లియర్‌కి 1608 అనే వేసిన మరో ముద్రణ ఉంది. అందులో బటర్ పేరు ఉంది, ఎద్దు బొమ్మ అడ్రసు లేదు. అది నిజానికి 1619లో జాగర్డ్ ప్రెస్సులో థామస్ పేవియర్ అనే పుస్తక వ్యాపారి కోసం అచ్చయినది. 1908లో డబ్ల్యు. డబ్ల్యు. గ్రెగ్ అనే పండితుడు కాగితంలోని వాటర్‌మార్కులు (కాగితం తయారీలోనే పడే, వెలుతురుకి పెడితే కనిపించే గుర్తులు) చూసి గుట్టు విప్పాడు. కాబట్టి అడ్రసు లేకపోతే అనుమానం పెట్టుకోండి. అదొక్కటే రుజువు మాత్రం కాదు.

6. పుస్తకం బయట కూడా వెతకండి

కరపత్రాలు అరుదుగా మిగిలాయి. ఇంగ్లండ్‌లో మొదటి ప్రెస్సు పెట్టిన విలియం కాక్స్‌టన్ 1477 ప్రాంతంలో వేసిన అరచేతిలో పట్టేంత చీటీ ఉంది: వెస్ట్‌మినిస్టర్‌లో ‘ఎర్ర పట్టీ’ గుర్తు దగ్గరికి రండి, పుస్తకం చవగ్గా ఇస్తాం అని ఇంగ్లీషులో, అడుగున దయచేసి ఈ చీటీని ఇలాగే ఉంచండి అని లాటిన్‌లో. చింపేవాళ్ల బాధ అప్పుడూ ఉంది!

ఇంకోటి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తకాల సంత కేటలాగు. దాని లండన్ ముద్రణలో, 1622 శరదృతువు సంత జాబితాలో, షేక్‌స్పియర్ నాటకాలన్నీ ఒకే సంపుటంగా అని ప్రకటన వచ్చింది. ఆ సంపుటం బయటికొచ్చింది మాత్రం 1623 చివర్లో. కేటలాగులో పేరు కనబడింది కదా అని పుస్తకం ఆ ఏడాదే వచ్చిందని రాసేసుకోకండి.