పోస్టర్ వేసే ముందు చిన్న డబ్బాలు గీయండి

పోస్టర్ డిజైన్ నేర్చుకుంటున్నవాళ్ళకి ఒక మాట. కంప్యూటర్ తెరవగానే ఫాంట్లు, రంగులు వెతుక్కుంటూ కూర్చుంటే గంట ఇట్టే గడిచిపోతుంది కానీ పేజీలో ఏది పెద్దగా ఉండాలో మాత్రం తేలదు. ముందు పెన్సిల్‌తో చిన్న డబ్బాలు ఓ పది గీయండి, ఒక్కో డబ్బా ఒక్కో పోస్టర్ నమూనా అన్నమాట, కాకపోతే అసలు పేజీ నిష్పత్తిలోనే గీయాలి. ఏ4 అంటే 210 x 297 మిల్లీమీటర్లు కాబట్టి 5 x 7 సెంటీమీటర్ల డబ్బా దాదాపు సరిపోతుంది. అక్షరాలు రాయొద్దు. హెడింగ్ ఉండేచోట మందపాటి పట్టీ, మేటర్‌కి సన్న గీతలు, బొమ్మ ఉండేచోట నలుపు పులిమితే చాలు. మొదటి రెండు మూడూ ఎక్కడో చూసినవే వస్తాయి, ఆగకుండా గీస్తూ పోతేనే సొంతవి బయటపడతాయి. తర్వాత కళ్ళు సగం మూసి చూడండి, మసగ్గా ఉన్నా ఏది ముందు కంటపడుతోందో తెలిసిపోతుంది, అన్నీ కలిసి ఒకటే బూడిద రంగులా అనిపిస్తే దాన్ని పక్కన పడేయండి. నచ్చినదాన్ని కంప్యూటర్లో కూడా ముందు నలుపు తెలుపుల్లోనే పెట్టండి, రంగుల సంగతి చివర్లో. అన్నట్టు, హెడింగ్ తెలుగులో అయితే లైన్ల మధ్య ఇంగ్లీషుకంటే ఎక్కువ జాగా వదలాలి, లేకపోతే పై లైను వత్తులు కింది లైను గుడులకి తగులుతాయి.