ఇంజిన్ ఊగుతోందా? కింది బుష్ ఒక్కటే గట్టిది వేయండి

నాది చిన్న హ్యాచ్‌బ్యాక్. నాలుగు సిలిండర్ల పెట్రోల్ బండి, అప్పటికి దాని వయసు పదకొండేళ్లు. రెండో గేర్లో నెమ్మదిగా పోతూ యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ముందు నుంచి ధబ్‌మని ఒక చప్పుడు వచ్చేది. మళ్లీ తొక్కితే ఇంకో ధబ్. ఆ చప్పుడుతో పాటే గేర్ రాడ్డు కూడా వేలెడు ముందుకీ వెనక్కీ కదిలేది. మొదట క్లచ్ పోయిందనుకున్నాను. తర్వాత డ్రైవ్ షాఫ్ట్ మీద అనుమానపడ్డాను. తీరా చూస్తే అరచేతిలో పట్టేంత రబ్బరు ముక్క!

చిన్న కార్లలో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది. దాన్ని పట్టి ఉంచేవి చాలా బళ్లలో మూడు మౌంట్లు. మెకానిక్‌లు వీటినే ఫౌండేషన్లు అంటారు. ఒకటి టైమింగ్ బెల్టో చెయినో ఉండే వైపు, ఒకటి గేర్‌బాక్స్ వైపు, రెండూ పైనే ఉంటాయి. బరువంతా ఈ రెండింటి మీదే వేలాడుతుంది. మూడోది కింద వెనక వైపు, ఎముక ఆకారంలో ఉండే చిన్న రాడ్డు. టార్క్ రాడ్ అంటారు. దాని కంటిలో, అంటే చివరి రంధ్రంలో, ఉండే రబ్బరు ముక్కే బుష్. నా బండిలో చిరిగింది అదే. ఇది బరువు మోయదు. ముందుకు లాగేటప్పుడు ఇంజిన్ తల వెనక్కి వాలి, కాళ్లు ముందుకు జారబోతాయి. రివర్స్‌లో దీనికి తలకిందులు. ఆ ఊపును పట్టి ఆపడమే ఈ రాడ్డు పని.

ఆ పని చిన్నదేమీ కాదు. ఇంజిన్ టార్క్, అంటే తిప్పే బలం, 110 న్యూటన్ మీటర్లు అనుకోండి. మొదటి గేరు దాన్ని 3.5 రెట్లు, గేర్‌బాక్స్ చివరి పళ్ల జత (ఫైనల్ డ్రైవ్) 4 రెట్లు పెంచితే చక్రాల దగ్గరికి వచ్చేసరికి అది 1,540 అవుతుంది. చక్రాలను అంత బలంతో తిప్పాలంటే ఇంజిన్ కూడా అంతే బలంతో ఎదురు తిరగాలి. రాడ్డు ఇంజిన్ ఊగే ఇరుసుకు 30 సెంటీమీటర్ల కింద ఉంటే దాని మీద పడే లాగుడు సుమారు 5,000 న్యూటన్లు, అంటే అర టన్ను బరువు వేలాడదీసినట్టు. మొదటి గేర్లో పూర్తి బలంతో లాగిన ప్రతిసారీ ఆ బుష్ ఇంత భారం తింటోంది. పదకొండేళ్లకు చిరిగిందంటే దాన్ని తిట్టబుద్ధి కాలేదు.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని. చిరిగింది ఒకటే అయినా, వేసేదేదో గట్టిగా వేద్దామని మూడింటికీ పాలీయురేథేన్ (పొట్టిగా పాలీ, మౌంట్ రబ్బరు కన్నా గట్టి పదార్థం) బుష్‌లు వేశాను. ధబ్ పోయింది. దాంతో పాటు ప్రశాంతతా పోయింది. సిగ్నల్ దగ్గర ఆగితే లోపలి అద్దంలో వెనక బండి నంబర్ ప్లేటు ఒక తెల్లటి మసకలా కనిపించేది. మా ఆవిడ ఎక్కిన ఐదు నిమిషాలకే, "ఏమండీ, సీటు కింద తేనెపట్టు గానీ పెట్టారా?" అంది. వారం తిరక్కుండా పైన రెండూ విప్పి మామూలు రబ్బరువే మళ్లీ వేశాను. కిందిది మాత్రం ఉంచాను. నాలుగేళ్లుగా అలాగే నడుస్తోంది.

ఎందుకలా అయిందంటే, బండి ఆగి ఇంజిన్ ఖాళీగా తిరిగేటప్పుడు, అంటే 800 ఆర్‌పీఎం (నిమిషానికి 800 చుట్లు) దగ్గర, నాలుగు సిలిండర్ల ఇంజిన్ సెకనుకు దాదాపు 27 సార్లు తంతుంది. మూడు సిలిండర్లయితే 20 సార్లు. వేగం తగ్గేకొద్దీ వణుకును మింగడం రబ్బరుకు కష్టమవుతుంది. అందుకే కంపెనీ వాళ్లు పై మౌంట్లను మెత్తగా ఉంచుతారు. వాటిని గట్టిపరిస్తే ఆ తన్నులన్నీ నేరుగా బాడీకి తగులుతాయి. కింది రాడ్డు ఖాళీగా నిలబడ్డప్పుడు పెద్దగా బరువు పట్టదు కాబట్టి దాన్ని కాస్త గట్టిది చేసినా శిక్ష తక్కువ. మీది మూడు సిలిండర్ల బండి అయితే ఆ తక్కువ శిక్ష కూడా బాగానే తెలుస్తుంది, ముందే చెబుతున్నా.

గట్టిదనాన్ని షోర్ ఎ అనే కొలతలో చెబుతారు. పెన్సిల్ రబ్బరు 40 దగ్గర, టైరు పై పొర 65 దగ్గర ఉంటాయి. కంపెనీ మౌంట్ రబ్బరు మామూలుగా 50, 60 మధ్య ఉంటుంది. పాలీ బుష్‌లు 70 నుంచి 95 దాకా దొరుకుతాయి. రోజూ ఆఫీసుకు నడిపే బండికి 70, 75 చాలు. 90 దాటినవి రేసు బళ్లకు. రంగును చూసి గట్టిదనం అంచనా వేయకండి, తయారీదారును బట్టి రంగు మారిపోతుంది. అంకె చూడండి.

కొనే ముందు ఉన్నవాటి పరిస్థితి చూడాలి. చల్లటి ఇంజిన్ మీద, పెద్ద స్క్రూడ్రైవరో కడ్డీయో టార్క్ రాడ్ బుష్ పక్కన పెట్టి మెల్లగా ఎత్తండి. మామూలుగా చూస్తే నా బుష్‌కు ఏమీ లేనట్టే ఉంది. కడ్డీతో ఎత్తగానే నడుమ దగ్గర రబ్బరు పెదవుల్లా తెరుచుకుంది. లోపల నల్లటి పొడి, రెండు ముక్కలూ ఒరుసుకుని నునుపెక్కిన అంచులు. పై మౌంట్లు కూడా ఇలాగే చూడండి. కొన్నిటి లోపల ద్రవం ఉంటుంది, అవి కారితే కింద నల్లటి జిడ్డు మరక కడుతుంది. పైవి పోయి ఉంటే ముందు వాటికి కంపెనీ రబ్బరువే వేయించండి. అవి కుంగిపోయి ఉండగా కిందిది ఎంత గట్టిది వేసినా పని జరగదు.

సామాన్లు చెబుతాను. రెండు జాకీలు, రెండు యాక్సిల్ స్టాండ్లు, చక్రాలకు అడ్డు దిమ్మెలు, వెడల్పాటి చెక్క ముక్క, సాకెట్ సెట్టు, పొడవాటి పిడి, టార్క్ రెంచ్ (ఎంత బిగించామో కొలిచే పానా), తుప్పు వదిలించే స్ప్రే, సిలికాన్ గ్రీజు. బుష్ మొత్తం మార్చేట్టయితే బెంచ్ వైస్, డ్రిల్లు, ఫ్రేముతో సహా హాక్సా బ్లేడు, చిన్న ఉలి, ఎమరీ కాగితం కూడా కావాలి. బోల్టుల మీద స్ప్రే ముందు రోజు రాత్రే కొట్టి ఉంచండి. ఇది మానేసిన రోజున నేను గంటన్నర ఒక్క బోల్టుతో కుస్తీ పట్టాను.

సమతలంగా ఉన్న గట్టి నేల మీద బండి పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు దిమ్మెలు పెట్టండి. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. జాకీతో ఎత్తాక బరువు స్టాండ్ల మీదకి దించండి. ఉత్త జాకీ మీద ఉన్న బండి కిందికి తల కాదు కదా, చెయ్యి కూడా పెట్టొద్దు. నేను స్టాండ్లు పెట్టాక బండిని భుజంతో ఒకసారి గట్టిగా తోసి చూస్తాను. పడేదేదో నేను బయట ఉండగానే పడనీ అని. సైలెన్సర్ పైపు చాలా బళ్లలో ఈ రాడ్డు పక్కనే పోతుంది, కాబట్టి ఇంజిన్ పూర్తిగా చల్లారాలి.

ఇప్పుడు గేర్‌బాక్స్ అంచు కింద చెక్క ముక్క పెట్టి, రెండో జాకీని తగిలీ తగలనట్టు ఆనించండి. ఆయిల్ చాంబర్ పల్చటి రేకు, దాని కింద జాకీ పెడితే సొట్ట పడుతుంది. రాడ్డు తీస్తే ఇంజిన్ కింద పడదు, పైన రెండు మౌంట్లూ పట్టుకునే ఉంటాయి. కానీ అటో ఇటో ఊగి బోల్టు రంధ్రం తప్పుతుంది. జాకీ అందుకే.

విప్పే ముందు రాడ్డు ఫొటో తీసుకోండి. ఏ వైపు పైకి, ఏ వైపు ముందుకి అన్నది పెయింట్ చుక్కతో గుర్తు పెట్టండి. చేతిలోకి వచ్చాక రెండు వైపులా ఒకేలా కనబడి మోసం చేస్తుంది. రెండు బోల్టులూ విప్పితే రాడ్డు బయటికి వస్తుంది. బోల్టు మర తిన్నదైతే దాన్ని మళ్లీ వాడకండి. కొన్ని బళ్లలో విప్పిన ప్రతిసారీ కొత్త బోల్టే వేయాలని సర్వీస్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది, అది చూసుకోండి.

ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. పాత రబ్బరు చిరగకుండా బాగుంటే, దాని మధ్య ఉన్న అర్ధచంద్రాకారపు ఖాళీల్లో దూరే పాలీ ఇన్సర్ట్‌లు వస్తాయి. ఖాళీలను గుడ్డతో శుభ్రంగా తుడిచి, సిలికాన్ గ్రీజు రాసి, చేత్తో నొక్కడమే. బిగుతుగా ఉంటే కాసేపు వేడి నీళ్లలో ఉంచి తీస్తే కాస్త మెత్తబడి దూరుతుంది. సుత్తి పని లేదు. అరగంటలో అయిపోతుంది, నచ్చకపోతే పీకేయొచ్చు కూడా. మొదటిసారి చేసేవాళ్లకు నేను ఇదే చెబుతాను.

నాలాగా చిరిగిపోయి ఉంటే బుష్ మొత్తం మార్చాలి. అసలు కష్టం ఇదే. రాడ్డును వైస్‌లో బిగించి, రబ్బరు చుట్టూ డ్రిల్లుతో వరసగా రంధ్రాలు వేసి, మధ్య గొట్టాన్ని తోసేశాను. మిగిలింది రాడ్డు కంటికి అతుక్కున్న పల్చటి ఇనుప వలయం. హాక్సా బ్లేడును కంటిలోంచి దూర్చి ఫ్రేముకు మళ్లీ బిగించి, ఆ వలయాన్ని లోపలి నుంచి కోయాలి. పది పన్నెండు లాగుళ్లకొకసారి ఆగి చూడండి. వలయం తెగబోయే ముందు బ్లేడు శబ్దం మారుతుంది, కీచుగా ఉన్నది కాస్త బొంగురుపోతుంది. ఆ మార్పు నాకు తెలియలేదు. పక్కన లైటు పట్టుకున్న మా తమ్ముడు "అన్నయ్యా, ఆపు" అని అరిచేసరికి రాడ్డు మీద గోరు గిచ్చినంత గీత పడింది. పైపైనే కాబట్టి ఆకురాయితో నునుపు చేసి బతికిపోయాను. లోతుగా పడితే ఆ రాడ్డు పక్కన పడేయాల్సిందే, అక్కడి నుంచే చీలిక మొదలవుతుంది. కోశాక చిన్న ఉలితో వలయం అంచు లోపలికి వంచితే ఊడిపోతుంది. రబ్బరును కాల్చి తీసేయమని కొందరు సలహా ఇస్తారు. ఆ పొగ విషం, పైగా రాడ్డు వేడెక్కి బలం పోవచ్చు. వద్దు.

కన్ను లోపల ఎమరీ కాగితంతో రుద్ది, కొత్త పాలీ ముక్కలకు గ్రీజు పట్టించి, రెండు వైపుల నుంచీ వైస్‌తో నిదానంగా నొక్కండి. మధ్య స్టీలు గొట్టానికి బయట అంతా కూడా గ్రీజు ఉండాలి. రబ్బరు బుష్‌లో గొట్టం అతుక్కుని ఉంటుంది, మెలితిరగడంతోనే పని జరుగుతుంది. పాలీలో గొట్టం జారుతూ తిరగాలి. ఎండిపోతే పాత తలుపులా కిర్రుమంటుంది. మామూలు గ్రీజు వాడకండి, పక్కనున్న అసలు రబ్బరుకు తగిలితే అది ఉబ్బుతుంది.

బిగించేటప్పుడు నేను మొదటిసారి తప్పు చేశాను. జాకీ ఇంజిన్‌ను కాస్త పైకి నెట్టి ఉండగానే బోల్టులు పూర్తిగా బిగించేశాను. బుష్ ఒక పక్కకి నొక్కుకుపోయి వణుకు రెట్టింపయింది. అలా కాదు. రెండు బోల్టులూ చేత్తో మర ఎక్కించి, కింది జాకీ తీసేసి, ఇంజిన్‌ను పై నుంచి పట్టుకుని నాలుగైదుసార్లు ముందుకీ వెనక్కీ ఊపండి. దాని చోటు అది చూసుకుంటుంది. అప్పుడు మాన్యువల్‌లో ఉన్న అంకెకు టార్క్ రెంచ్‌తో బిగించండి. అంకె తర్వాత 90 డిగ్రీలు అని ఉంటే, రెంచ్ క్లిక్‌మన్నాక ఇంకో పావు చుట్టు తిప్పాలని అర్థం. బిగించాక బోల్టు తల మీద నుంచి పక్క ఇనుము దాకా ఒక పెయింట్ గీత గీయండి.

బండి దించి, బ్యాటరీ తగిలించి, బానెట్ ఎత్తి స్టార్ట్ చేయండి. ఏసీ ఆన్ చేసి, ఆఫ్ చేసి వణుకు చూడండి. సైలెన్సర్ పైపు, గొట్టాలు ఎక్కడా తగలకూడదు. తర్వాత ఖాళీ చోట మొదటి గేరులోనూ, రివర్స్‌లోనూ మెల్లగా కదిలించి చూడండి. ముందూ వెనకా మనుషులెవరూ నిలబడొద్దు.

నా బండిలో ధబ్ పూర్తిగా పోయింది, రెండో గేర్లో కాలు తీసినా గేర్ రాడ్డు ఉన్నచోటే ఉంటోంది. వణుకు మొదటి రోజు కంటే కొన్ని వందల కిలోమీటర్లకు కొంచెం తగ్గింది గానీ, ఏసీ వేసి ఆగినప్పుడు స్టీరింగ్‌లో ఇప్పటికీ సన్నగా తెలుస్తుంది. వదులుగా ఉన్న నంబర్ ప్లేటు కూడా గలగలమంది, దాని వెనక ఒక ఫోమ్ ముక్క అంటించాను. 100 కిలోమీటర్లకు ఒకసారి, 500కు ఒకసారి కిందికి దూరి ఆ పెయింట్ గీత చూశాను. రెండుసార్లూ తెగకుండా ఒకే గీతగా ఉంది. మీది తెగి కనిపిస్తే బోల్టు తిరిగినట్టే, మళ్లీ మొదటి నుంచి వదులు చేసి, ఇంజిన్ ఊపి, బిగించండి.