పాత నోకియా బటన్ ఫోన్‌లో నెట్ సెట్టింగ్స్ ఎలా పెట్టుకోవాలి?

ఆమదాలవలసలో మా ఇంట్లో నాన్న వాడిన నోకియా 2700 క్లాసిక్ ఇంకా ఉంది, మొన్న కొత్త బ్యాటరీ వేస్తే చక్కగా వెలిగింది. సెలవులకొచ్చిన మా మేనల్లుడు అది చూసి "మామయ్యా, ఇందులో నెట్ వస్తుందా?" అన్నాడు. వస్తుంది. కాకపోతే ఇప్పటి ఫోన్లలాగా సిమ్ వేయగానే రాదు, ఏ దారిన వెళ్లాలో మనమే దానికి రాసివ్వాలి.

ముందు సిమ్ సంగతి చూడండి. ఇది 2జీ ఫోన్, అంటే పాత తరం నెట్‌వర్క్ మీదే పనిచేస్తుంది. 2016లో వచ్చిన జియోకి 2జీ లేదు, ఆ సిమ్ వేస్తే సిగ్నలే రాదు. ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ లాంటిది కావాలి. నానో సిమ్ అయితే అడాప్టర్ పెట్టండి. డేటా ప్యాక్ ఉందో లేదో చూసుకోండి, లేకుండా మొదలుపెట్టొద్దు. బ్యాటరీ తీసి పెట్టాక తేదీ మారిపోయి ఉండొచ్చు, అదీ సరిచేయండి.

ఇప్పుడు మెనూ, సెట్టింగ్స్, కాన్ఫిగరేషన్, అందులో పర్సనల్ సెట్టింగ్స్. యాడ్ న్యూ నొక్కి యాక్సెస్ పాయింట్ ఎంచుకోండి. అకౌంట్ నేమ్ మీ ఇష్టం. డేటా బేరర్ దగ్గర ప్యాకెట్ డేటా ఉండాలి. తర్వాత బేరర్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే ప్యాకెట్ డేటా యాక్సెస్ పాయింట్ అని ఒక ఖాళీ గడి ఉంటుంది, మొత్తం పని దీని మీదే ఉంది. దీన్నే ఏపీఎన్ అంటారు, అంటే ఫోన్ నెట్‌లోకి వెళ్లే దారి పేరు.

బీఎస్ఎన్ఎల్ అయితే అక్కడ బీ ఎస్ ఎన్ ఎల్ ఎన్ ఈ టీ, ఏడక్షరాలు, మధ్యలో ఖాళీ లేకుండా. 2010లో విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక షాపులో ఈ ఏడక్షరాలు కొట్టిచ్చినందుకే నా దగ్గర యాభై రూపాయలు తీసుకున్నారు, ఆ బాధ ఇంకా పోలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఎయిర్‌టెల్ అయితే ఎయిర్‌టెల్ స్పెల్లింగ్, వెంటనే జీ పీ ఆర్ ఎస్, చుక్క, కామ్. తప్పు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది, ఎందుకంటే పీ, ఆర్, ఎస్ మూడూ 7 బటన్ మీదే ఉన్నాయి: పీకి ఒకసారి నొక్కి, కర్సర్ ముందుకు జరిగేదాకా ఆగి, ఆర్‌కి మూడుసార్లు, మళ్లీ ఆగి, ఎస్‌కి నాలుగుసార్లు. తొందరపడితే ఒక అక్షరం మింగేస్తుంది. చుక్క 1 బటన్ మీద ఉంటుంది. పెద్దక్షరాలు పడుతుంటే హ్యాష్ నొక్కండి. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేయండి.

వెనక్కొచ్చి ఆప్షన్స్‌లో యాక్టివేట్ నొక్కండి. ఇంకోసారి యాడ్ న్యూ కొట్టి ఈసారి వెబ్ ఎంచుకుని, అందులోనూ అదే ఏపీఎన్ ఇవ్వండి, ప్రాక్సీ అడిగితే ఆఫ్. ఒకసారి ఫోన్ ఆపి వెలిగించండి.

బ్రౌజర్ తెరిస్తే పైన సిగ్నల్ దగ్గర జీ గానీ ఈ గానీ కనిపించాలి. జీ అంటే జీపీఆర్ఎస్, 2జీలో నెట్ వచ్చే పాత పద్ధతి; ఈ అంటే దానికన్నా వేగమైన ఎడ్జ్. "సబ్‌స్క్రైబ్ టు ప్యాకెట్ డేటా ఫస్ట్" అని వస్తే టెన్షన్ పడకండి, ఏపీఎన్‌లో అక్షరం తప్పయినా కావచ్చు, సిమ్‌లో డేటా లేకపోయినా కావచ్చు. ముందు అక్షరాలే చూడండి. సీతంపేట ఏజెన్సీ వైపు కొండల మధ్య ఉంటే మేడెక్కి ప్రయత్నించండి.

వేగం గురించి ముందే చెప్తున్నాను. జీపీఆర్ఎస్‌లో సెకనుకు 40 కిలోబిట్లు వస్తే మంచి రోజు, అంటే 5 కిలోబైట్లు, మూడు ఎంబీల పాట దిగడానికి పది నిమిషాలు. ఇప్పటి సెక్యూర్ సైట్లు చాలావరకు ఈ పాత బ్రౌజర్‌లో తెరుచుకోవు, అది మీ సెట్టింగ్ తప్పు కాదు. బొమ్మలు లేని మామూలు పేజీతో పరీక్షించండి. పాట సగం దిగాక ఎవరైనా కాల్ చేస్తే డేటా ఆగిపోతుంది, మాట్లాడి పెట్టేశాక మళ్లీ మొదలవుతుంది. పని అయ్యాక కనెక్టివిటీలో ప్యాకెట్ డేటాని "వెన్ నీడెడ్"లో, అంటే అవసరమైనప్పుడే కలిసేలా, ఉంచండి.