ఫోన్ లాక్ మర్చిపోయారా? ముందు రీస్టార్ట్ మాత్రం చేయకండి

రాత్రి పడుకోబోయే ముందు కొత్త పిన్ పెట్టారు, తెల్లారేసరికి అది బుర్రలో లేదు. లేదంటే ఏళ్ల తరబడి కళ్లు మూసుకుని గీసిన ప్యాటర్న్ ఉన్నట్టుండి చేతికి రావడం మానేసింది. అప్పుడు దాదాపు అందరూ చేసే మొదటి పని, ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయడం. రూటర్ మొండికేస్తే ఆ చిట్కా పనికొస్తుంది. లాక్ పడిన ఫోన్ దగ్గర మాత్రం అదే కొంప ముంచుతుంది. ఆఫ్ చేయకుండా ఛార్జింగ్‌కి పెట్టి, తెర మీద ఏముందో నిదానంగా చూడండి. మీ పరిస్థితి కింద చెప్పినవాటిలో ఏదో ఒకటి అయ్యుంటుంది.

వేలిముద్రతో తెరుచుకుంటోంది, పిన్ మాత్రం గుర్తు లేదు

ఇంతకన్నా మంచి స్థితి లేదు. చాలామంది దీన్ని చేజేతులా పోగొట్టుకుంటారు. వేలితో తెరుచుకుంటోంది కదా, పిన్ సంగతి తీరిగ్గా చూద్దాంలే అని వదిలేస్తారు. రెండు మూడు రోజులు తిరక్కుండానే ఫోన్ పిన్ అడిగి కూర్చుంటుంది.

ఎందుకు అడుగుతుందంటే, ఫోన్‌లో ఉన్న డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే ఎవరూ చదవలేని రహస్య రూపంలో ఉంటుంది. దాన్ని విప్పే తాళం చెవి మీ పిన్‌తో, ఫోన్ చిప్‌లో దాగి ఉన్న మరో రహస్య సంఖ్యతో కలిసి తయారవుతుంది. ఫోన్ ఆన్ చేశాక ఒకసారి పిన్ కొడితే ఆ చెవి సిద్ధమవుతుంది, అక్కడి నుంచి వేలిముద్ర పని నడిపిస్తుంది. రీస్టార్ట్ చేశారా, చెవి చెరిగిపోతుంది. మళ్లీ పిన్ కొట్టేదాకా వేలిముద్రని ఫోన్ లెక్కచేయదు. కావాలంటే పిన్ బాగా గుర్తున్న ఫోన్‌ని ఆఫ్ చేసి ఆన్ చేయండి, లాక్ తీయకుండా దానికి మరో ఫోన్ నుంచి కాల్ చేసి చూడండి. కాల్ చేసినవాళ్ల పేరు రావాల్సిన చోట ఉత్త నంబరు కనిపిస్తుంది. కాంటాక్ట్స్ కూడా తాళం లోపలే ఉన్నాయి మరి.

రీస్టార్ట్ చేయకపోయినా గడువు ఉంటుంది. ఆండ్రాయిడ్ మామూలుగా 72 గంటలకు ఒకసారి పిన్ అడుగుతుంది. ఐఫోన్ అయితే 48 గంటలు అసలు తెరవకపోయినా అడుగుతుంది, పాస్‌కోడ్ కొట్టి ఆరున్నర రోజులు దాటి, గత 4 గంటల్లో ముఖంతోనో వేలితోనో తెరవకపోయినా అడుగుతుంది. వేలో ముఖమో వరసగా 5 సార్లు కుదరకపోతే ఐఫోన్‌లో పాస్‌కోడ్ తప్పదు. తడి చేత్తో ముట్టుకోకండి, పిల్లల చేతికి ఇవ్వకండి.

ఈ గడువులో ఏం చేయాలి? సెట్టింగ్స్‌లోకి పోయి పిన్ మార్చేద్దాం అనుకుంటే పాత పిన్ అడుగుతుంది, అక్కడ టైం వృథా. ముందు సెట్టింగ్స్‌లో ఏ గూగుల్ ఖాతా, ఏ ఆపిల్ ఖాతా ఉందో చూసి కాగితం మీద రాసుకోండి. ఇది తర్వాత ప్రాణం నిలబెడుతుంది. ఫొటోలు క్లౌడ్‌లోకి ఎక్కాయో లేదో చూడండి. వాట్సాప్ బ్యాకప్ ఇప్పుడే తీయండి. లాగిన్ కోడ్‌లు చూపించే అథెంటికేటర్ యాప్ ఉంటే ఆ ఖాతాలు ఇంకో ఫోన్‌కి మార్చుకోండి. ఆండ్రాయిడ్ అయితే కేబుల్‌తో కంప్యూటర్‌కి పెట్టి ఫైళ్లు కాపీ చేసుకోవచ్చు. ఐఫోన్‌ని కంప్యూటర్‌కి పెడితే అక్కడా పాస్‌కోడ్ అడగొచ్చు, కాబట్టి ఐక్లౌడ్ బ్యాకప్ మంచిది. ఇవన్నీ అయ్యాక రీసెట్ కొట్టి ఫోన్ అంతా చెరిపేసినా మనసు పీకదు.

సరైన పిన్నే కొడుతున్నా, ఫోన్ ఒప్పుకోవడం లేదు

మర్చిపోయామని తీర్మానించేసుకునే ముందు ఫోన్‌ని కూడా కాస్త అనుమానించండి. ఒకసారి నా ఫోన్ కింద పడ్డాక ఇదే జరిగింది. పిన్ నాకు నిద్రలో కూడా గుర్తే, అయినా తప్పు తప్పు అంటోంది. లాక్ తెర మీద పిన్ అంకెలు చుక్కలుగా కనిపిస్తాయి కాబట్టి ఏ అంకె పడిందో తెలియదు. అప్పుడు ఎమర్జెన్సీ కాల్ బటన్ నొక్కాను. అక్కడ వచ్చే డయల్ ప్యాడ్ మీద కొట్టిన అంకె పైకి కనిపిస్తుంది. 1 నుంచి 0 దాకా ఒక్కొక్కటే నొక్కుతూ పోతే 4 పడింది, 6 పడింది, 5 మీద ఎంత నొక్కినా ఏమీ లేదు. నా పిన్‌లో 5 రెండుసార్లు ఉంది. మీరూ ఇలా చూడొచ్చు, కాల్ బటన్ జోలికి మాత్రం వెళ్లకండి.

టచ్‌దే తప్పని తేలితే ముందు తెర తుడవండి, లేచిపోయిన స్క్రీన్ గార్డ్ పీకేయండి. అప్పటికీ పడకపోతే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకి ఓటీజీ అడాప్టర్‌తో (ఛార్జింగ్ పెట్టే చోట యూఎస్‌బీ వస్తువులు తగిలించే చిన్న ముక్క) మామూలు మౌస్ తగిలించొచ్చు. తెర మీద బాణం గుర్తు వస్తుంది, దాంతో అంకెలు నొక్కొచ్చు, ప్యాటర్న్ కూడా గీయొచ్చు. లోపలికి వెళ్లాక డేటా తీసుకుని తెర మార్పించుకోండి. ఏమీ పోదు.

అక్షరాల పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లు కీబోర్డ్ భాష చూడండి. తెలుగు కీబోర్డ్ ఉండగా ఇంగ్లీష్ పాస్‌వర్డ్ కొడుతూ తలపట్టుకున్నవాళ్లు ఉన్నారు. పెద్ద అక్షరాల బటన్ ఆన్‌లో ఉందేమో కూడా చూడండి. ఐఫోన్ తెర మీద ఎన్ని సున్నాలు చూపిస్తోందో లెక్కపెట్టండి. ఆరు ఉంటే మీ పాత నాలుగంకెల నంబరు ఎన్నిసార్లు కొట్టినా లాభం లేదు.

ఇంకోటి, తెర మీద సిమ్ అనే మాట ఉందా? అయితే అడుగుతున్నది సిమ్ పిన్, ఫోన్ లాక్ పిన్ కాదు. సిమ్ పిన్ 3 సార్లు తప్పితే పీయూకే కోడ్ అడుగుతుంది. అది మీ నెట్‌వర్క్ కంపెనీ ఇస్తుంది. ఊహించి కొట్టకండి, 10 సార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు, కొత్తది తీసుకోవాల్సిందే.

కాసేపాగి ప్రయత్నించమంటోంది

ఆండ్రాయిడ్‌లో సాధారణంగా 5 సార్లు తప్పితే 30 సెకన్లు ఆపుతుంది, తప్పుతూ పోతే ఆ వ్యవధి పెరుగుతుంది. ఐఫోన్‌లో 1 నిమిషం, 5 నిమిషాలు, 15 నిమిషాలు, గంట, అలా సాగుతుంది. ఆపి ఆన్ చేస్తే లెక్క పోతుందనుకునేరు. ఐఫోన్‌లో ఆ వ్యవధి మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

ఐఫోన్‌లో పది అవకాశాలే అనుకోండి. పదోసారి కూడా తప్పితే ఇక చెరిపేయడమే దారి. పదిసార్లు తప్పితే డేటా చెరిపేయమనే సెట్టింగ్ ముందే పెట్టుకుని ఉంటే, మీ ప్రమేయం లేకుండానే అంతా తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే కొట్టిన ప్రతి నంబరూ కాగితం మీద రాసుకోండి. వెంటవెంటనే అదే తప్పు నంబరు కొడితే ఐఫోన్ దాన్ని రెండోసారి లెక్కించదు గానీ, అటూ ఇటూ తిరిగి అదే నంబరుకి వస్తే ఒక అవకాశం దండగే.

నంబరు నాలుక మీద ఆడుతోంది గానీ బయటికి రావడం లేదా? ఒక గంట ఫోన్ పక్కన పడేయండి. తర్వాత రోజూ ఎలా పట్టుకుంటారో అలాగే, అదే చేత్తో, అదే బొటనవేలితో, వేరే ఏదో ఆలోచిస్తూ కొట్టండి. పిన్ గుర్తుండేది బుర్రకన్నా వేళ్లకే. ఎదురుగా కూర్చుని అంకెలు లెక్కపెడితే రాదు.

ఐఫోన్ పాస్‌కోడ్ ఈ మధ్యే మార్చి ఉంటే ఒక చక్కని దారి ఉంది. ఐఓఎస్ 17 నుంచి, మార్చిన 72 గంటల్లోపు పాత పాస్‌కోడ్‌తో లోపలికి వెళ్లి కొత్తది పెట్టుకోవచ్చు. కొన్నిసార్లు తప్పాక కింద మూలన పాస్‌కోడ్ మర్చిపోయారా అనే మాట వస్తుంది, దాని వెనకే పాత పాస్‌కోడ్ కొట్టే అవకాశం ఉంటుంది. డేటా అంతా అలాగే ఉంటుంది.

ఏ దారీ లేదు, చెరిపేయాల్సిందే

డేటా పోకుండా ఏ లాక్ అయినా తీస్తామని డబ్బు అడిగే సాఫ్ట్‌వేర్లు బోలెడు. కొత్త ఫోన్ల మీద అవి చేసేదల్లా మీరు ఊరికే చేసుకోగల రీసెట్టే. ఫలానా ఫైల్ తీసేస్తే ప్యాటర్న్ పోతుందని చెప్పే వీడియోలు పాత ఆండ్రాయిడ్ రోజులవి. గూగుల్ ఖాతాతో ప్యాటర్న్ విప్పుకునే సౌకర్యం కూడా ఆండ్రాయిడ్ 4.4తోనే సరి. నమ్మకమైన చోటు అని ఇల్లు పెట్టుకున్నాను, ఇంటికి వెళ్తే అదే తెరుచుకుంటుంది అనేవాళ్లుంటారు. ఆండ్రాయిడ్ 10 నుంచి ఆ సౌకర్యం తెరిచి ఉన్న ఫోన్‌ని ఓ 4 గంటలు తెరిచి ఉంచడానికే, లాక్ పడినదాన్ని తీయడానికి కాదు. ఆఫీసు ఇచ్చిన ఫోన్ అయితే అక్కడి ఐటీ వాళ్లని అడగండి, వాళ్లు దూరం నుంచే లాక్ తీయగలగొచ్చు.

చెరిపేసే ముందు ఖాతా పాస్‌వర్డ్ వేరే కంప్యూటర్‌లో కొట్టి పనిచేస్తోందో లేదో చూసుకోండి. ఇక్కడే ఓ చిక్కుముడి పడుతుంది. గూగుల్‌లోకి వెళ్లబోతే మీ ఫోన్‌లో అవును నొక్కండి అంటుంది, ఆ ఫోన్ లాక్‌లో ఉంది. సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేస్తే ఓటీపీ అక్కడికి వస్తుంది. ఎప్పుడో రాసిపెట్టుకున్న బ్యాకప్ కోడ్‌లు ఉన్నా, ఇప్పటికే లాగిన్ అయి ఉన్న కంప్యూటర్ ఉన్నా గట్టెక్కొచ్చు. ఈసిమ్ (ఫోన్ లోపలే ఉండే, బయటికి తీయలేని సిమ్) అయితే నెట్‌వర్క్ కంపెనీని అడగాలి. ఆపిల్ ఈ ఇబ్బంది పెట్టదు, ఐక్లౌడ్ సైట్‌లో ఫోన్ వెతికే పేజీ ఒక్కదానికి రెండో కోడ్ లేకుండానే పాస్‌వర్డ్‌తో వెళ్లనిస్తుంది.

మెమరీ కార్డు ఉంటే తీసి పక్కన పెట్టండి. ఫోన్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన కార్డు అయితే రీసెట్ తర్వాత అదీ చదవబడదు.

గూగుల్ పాస్‌వర్డ్ ఇప్పుడే మార్చారా? 24 గంటలు ఆగి రీసెట్ చేయండి.

ఆండ్రాయిడ్‌లో సులువైనది గూగుల్ ఫైండ్ హబ్. మునుపు దాని పేరు ఫైండ్ మై డివైస్. వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో లాగిన్ అయి చెరిపేయమనొచ్చు, ఫోన్‌కి నెట్ ఉండాలి. శామ్‌సంగ్ వాళ్లు చెరిపే ముందు శామ్‌సంగ్ ఖాతాతో ఫైండ్ సైట్‌లో చూడండి. రిమోట్ అన్‌లాక్ ముందే ఆన్ చేసి ఉంటే, ఆ సౌకర్యం ఉన్న మోడళ్లలో డేటా పోకుండానే లాక్ తీయొచ్చు.

నెట్ లేకపోతే రికవరీ మోడ్, అంటే బటన్లు నొక్కి తెరిచే మరమ్మతు మెనూ. ఫోన్ ఆపి, పవర్ బటన్‌తో పాటు వాల్యూమ్ పెంచేదో తగ్గించేదో నొక్కి పట్టాలి, మోడల్‌ని బట్టి మారుతుంది. కొత్త శామ్‌సంగ్ ఫోన్లలో కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి ఉంచితేనే ఆ తెర వస్తుంది. పడిపోయిన రోబో బొమ్మ, నో కమాండ్ అనే మాట వస్తే కంగారు పడకండి. పవర్ నొక్కి పట్టుకుని వాల్యూమ్ పెంచే బటన్ ఒకసారి నొక్కి వదిలితే చాలా ఫోన్లలో మెనూ వస్తుంది. అందులో వైప్ డేటా, ఫ్యాక్టరీ రీసెట్ ఎంచుకోండి.

ఐఫోన్‌లో ఐఓఎస్ 15.2 లేదా ఆపైన ఉండి, నెట్ ఉంటే, లాక్ తెర నుంచే ఆపిల్ ఖాతా పాస్‌వర్డ్ కొట్టి చెరిపేయొచ్చు. ఇక్కడ కూడా రీస్టార్ట్ దెబ్బ తగులుతుంది. ఆపి ఆన్ చేసిన ఐఫోన్ పాస్‌కోడ్ కొట్టేదాకా ఇంటి వైఫైకి దానంతటది కలవకపోవచ్చు, అప్పుడు మొబైల్ డేటా మీద ఆధారపడాల్సి రావచ్చు. అదీ లేకపోతే కంప్యూటర్ దారి. ఫోన్ ఆపండి. ఐఫోన్ 8, ఆ తర్వాతవాటిలో పక్క బటన్, ఐఫోన్ 7లో వాల్యూమ్ తగ్గించే బటన్, అంతకు ముందువాటిలో హోమ్ బటన్ నొక్కి పట్టుకునే కేబుల్ పెట్టండి. ఆపిల్ గుర్తు వచ్చినా వదలకుండా కేబుల్, కంప్యూటర్ బొమ్మ వచ్చేదాకా పట్టుకోండి. కంప్యూటర్ అడిగినప్పుడు అప్‌డేట్ వద్దు, రీస్టోర్ నొక్కండి. డౌన్‌లోడ్ 15 నిమిషాలు దాటితే ఫోన్ ఆ తెర నుంచి బయటికి వచ్చేస్తుంది. డౌన్‌లోడ్ పూర్తి కానిచ్చి మళ్లీ బటన్ పట్టుకోండి.

చెరిపేశాక కూడా పాత ఖాతా అడుగుతోంది

ఇది పాడవడం కాదు, దొంగల కోసం పెట్టిన గడియ. ఆండ్రాయిడ్‌లో 5.1 నుంచి, ఐఫోన్‌లో 2013లో వచ్చిన ఐఓఎస్ 7 నుంచి ఉంది. రీసెట్‌కి ముందు ఫోన్‌లో ఉన్న ఖాతానే కావాలి, మీ ఇంకో ఖాతా నడవదు. పాస్‌వర్డ్ గుర్తు లేకపోతే ఖాతా రికవరీ పేజీ నుంచి తెచ్చుకోండి. ఐఫోన్‌కి అదీ కుదరకపోతే, కొన్న రసీదు చూపించి గడియ తీయమని ఆపిల్‌ని అడగొచ్చు. సెకండ్ హ్యాండ్ ఫోన్ అయితే అమ్మినవాళ్ల ఖాతా అయ్యుంటుంది, వాళ్లనే పట్టుకోవాలి.

బ్యాకప్ తెచ్చుకుందామంటే మళ్లీ పాత పిన్ అడుగుతోంది

ఇది చూసి చాలామంది కుంగిపోతారు. మర్చిపోయిందే అది కదా! గూగుల్ బ్యాకప్‌లో యాప్‌ల డేటా లాంటి కొంత భాగం పాత ఫోన్ స్క్రీన్ లాక్‌తోనే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. ఐక్లౌడ్‌లో దాచిన పాస్‌వర్డ్‌లకి కూడా పాత పాస్‌కోడ్ అడగొచ్చు. గుర్తు లేకపోతే ఆ మెట్టు దాటేసి ముందుకు వెళ్లండి. ఖాతాతో సింక్ అయిన కాంటాక్ట్స్, క్లౌడ్‌లోకి ఎక్కిన ఫొటోలు దీనితో సంబంధం లేకుండా లాగిన్ అవగానే వస్తాయి. వాట్సాప్ ఆ సిమ్‌కి వచ్చే కోడ్‌తో తెరుచుకుని తన బ్యాకప్ తాను వెతుక్కుంటుంది. ఆ బ్యాకప్‌కి విడిగా పాస్‌వర్డో, 64 అక్షరాల కీయో పెట్టుకున్నవాళ్లకి మాత్రం అది కావాలి.