భోజనాల బల్ల దగ్గర ఆ పేరు వచ్చినప్పుడు

మేము ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటాం. ఏటా అక్టోబరులో ఒక శనివారం స్నేహితులను పిలిచి, తెలుగు వంటకు వైన్ జోడించి పెడతాను. మొత్తం ఆరుగురం. ఈ ఊళ్ళో నలుగురు కూర్చుంటే జిమ్మీ సావిల్ పేరు ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరుతుంది. అతడు ఇక్కడే పుట్టిన బీబీసీ టీవీ వ్యాఖ్యాత. ఏళ్ళ తరబడి పిల్లల మీదా పెద్దల మీదా లైంగిక దాడులు చేశాడని చనిపోయాక బయటపడింది. అందుకని పిలిచేవాళ్ళు వంటకు సిద్ధపడినట్టే మాటలకూ సిద్ధపడాలి.

ముందు వైన్ సంగతి. 750 మిల్లీలీటర్ల సీసాకు 150 చొప్పున ఐదు గ్లాసులు వస్తాయి. ఆరుగురికి మూడు సీసాలు చాలు. కారం తగిలే కూరలకు వగరెక్కువ ఉన్న ఎర్ర వైన్ వద్దు, నాలుక ఇంకా మండుతుంది. చేపల పులుసుకు కాస్త తీపి ఉన్న రీస్లింగ్ అనే తెల్ల వైన్ చల్లగా పోయండి. గుత్తి వంకాయకు వగరు తక్కువ ఉండే గామే అనే ఎర్ర వైన్ బాగుంటుంది. సీసాల పక్కనే మంచినీళ్ళ కూజా ఉండాలి. ఎవరైనా గ్లాసు మీద చెయ్యి అడ్డం పెడితే, 'ఒక్క గుక్కే' అని బతిమాలకండి. వద్దంటే వద్దనే. ఈ విషయంలో నేను ఎవరి మొహమాటమూ చూడను.

ఇక మాటలు. సావిల్ ఏం చేశాడన్నది వర్ణించనివ్వకండి. అతడికి తలుపులు తీసిందెవరు అన్న వైపు మళ్ళించండి. లీడ్స్ జనరల్ ఆసుపత్రిలో స్వచ్ఛంద సేవకుడిగా తిరిగాడు. బ్రాడ్‌మూర్ మానసిక వైద్యశాలలో వార్డుల తాళాలే చేతికిచ్చారు. 1990లో 'సర్' బిరుదు దక్కింది. 2011లో మర్యాదలన్నీ అందుకుని పోయాడు. మరుసటి ఏడాది బాధితులు టీవీలో మాట్లాడాక, 2013 జనవరి నాటికి 450 మంది ముందుకొచ్చారు. పోలీసులు 214 నేరాలు నమోదు చేశారు. లీడ్స్ ఆసుపత్రి విచారణలో తేలిన బాధితుల వయసు ఐదేళ్ళ నుంచి 75 దాకా.

మన సినిమావాళ్ళ ప్రస్తావనా వస్తుంది. మలయాళ సినీ పరిశ్రమలో ఆడవాళ్ళు ఎదుర్కొనే వేధింపుల మీద హేమ కమిటీ 2019 డిసెంబరులో ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టులో గానీ బయటికి రాలేదని గుర్తుచేయండి. ఆరోపణ వేరు, రుజువైన నేరం వేరు. 'ఆ అమ్మాయి ఎవరై ఉంటుంది' అని ఊహాగానాలు మొదలైతే మాత్రం, అన్నం వడ్డిస్తూనైనా సరే, అడ్డుపడండి.

ఎందుకింత పట్టుదల అంటే, రెండేళ్ళ క్రితం మా బల్ల దగ్గరే ఒకాయన, "ఇన్నేళ్ళూ ఎందుకు నోరు మెదపలేదట?" అన్నాడు. మంచివాడే, తెలియక అన్నాడు. ఎదురుగా ఉన్న నా స్నేహితురాలు గ్లాసు కాడను వేళ్ళతో పట్టుకుని తిప్పుతూనే ఉంది. ఒక్క గుక్క తాగలేదు. తరువాత లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడగసాగింది. నేను వెనకే వెళ్ళి తుడిచే గుడ్డ పట్టుకుని పక్కన నిలబడ్డాను. "ఎవరికి చెప్పాలి వదినా?" అంది, నీళ్ళ చప్పుడులో. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను.

అలా ఎవరైనా లేచి వెళితే వెంట ఒక్కరే వెళ్ళండి. ప్రశ్నలు వేయకండి. ఇంటికి చేరే ఏర్పాటు మీరే చూడండి. మర్నాడు ఫోను చేసి నేను మిగిలిన పులుసు గురించే మాట్లాడాను. మిగతాది మూడు వారాల తరువాత, ఒక మధ్యాహ్నం టీ తాగుతూ తనే మొదలుపెట్టింది.