వాతావరణ మార్పుపై టర్మ్ పేపరు రాయబోతున్నారా? అమెరికాకు కొత్తగా వచ్చిన మన విద్యార్థులకు లైబ్రరీ గురించి కొన్ని సూచనలు

ఆగస్టులో విమానం దిగి, అద్దె ఇల్లు, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు కుదిరేసరికి సెప్టెంబరు సగం గడిచిపోతుంది. పర్యావరణ శాస్త్రంలోనో, సివిల్ ఇంజినీరింగులోనో, పబ్లిక్ పాలసీలోనో చేరిన వారికి వాతావరణ మార్పుపై మొదటి టర్మ్ పేపరు గడువు అప్పటికే ముంచుకొస్తుంది. మనలో చాలామందికి కాలేజీ లైబ్రరీ అంటే కార్డు చూపించి పాఠ్యపుస్తకం తెచ్చుకుని, చివర్లో నో డ్యూస్ సంతకం పెట్టించుకునే చోటు మాత్రమే. ఇక్కడి విశ్వవిద్యాలయ లైబ్రరీ పద్ధతి వేరు కాబట్టి, దాన్ని మొదటి వారం నుంచే వాడుకోవడం మొదలుపెట్టమని నా మనవి.

అన్నిటికంటే ముందు మీ విభాగానికి కేటాయించిన సబ్జెక్ట్ లైబ్రేరియన్ ఎవరో లైబ్రరీ వెబ్‌సైటులో చూసి, అరగంట సమయం ఇమ్మని ఈమెయిలు రాయండి. అడిగితే మనకేమీ తెలియదనుకుంటారేమోనన్న సంకోచం వద్దు, ఆ పని చేయడానికే వారు అక్కడ ఉన్నారు. నేను మొదటి సెమిస్టరంతా మా లైబ్రేరియన్ కూర్చునే బల్ల ముందు నుంచే నడిచి వెళ్లాను గానీ ఒక్కసారీ ఆగలేదు. రెండో సెమిస్టరులో అనంతపురం వేరుశనగపై వర్షాభావం చూపే ప్రభావం గురించి రాయాల్సి వచ్చినప్పుడు, డేటాబేసులో ఎన్నిసార్లు వెతికినా నాకు కావలసినవి సగమే దొరుకుతుండటంతో వెళ్లి అడిగాను. నేను టైపు చేసిన ‘గ్రౌండ్‌నట్’ అనే మాటను చూసి, ఇక్కడ ఆ పంటను ‘పీనట్’ అంటారు కదా అని ఆవిడ అన్నారు. ఒక చిన్న కాగితం మీద ఆ రెండు మాటలూ, వాటి పక్కన ‘అరాకిస్ హైపోజియా’ అనే శాస్త్రీయ నామమూ రాసి, మూడింటి మధ్య ‘ఆర్’ (OR, అంటే ‘లేదా’) అనే మాట పెట్టి వెతకమన్నారు. అంతకు ముందు కనిపించని పరిశోధన పత్రాలు ఎన్నో అప్పుడు బయటపడ్డాయి.

మన ఊళ్ల పేర్లకూ ఇదే జాగ్రత్త కావాలి. అనంతపూర్, అనంతపురం, అనంతపురము అని ఒకే చోటును ఇంగ్లిషులో రకరకాల అక్షరక్రమాలతో రాస్తారు, విశాఖపట్నాన్ని కొందరు వైజాగ్ అనే రాస్తారు. జిల్లా పేరు ఒకటే అయినా హద్దులు ఒకటి కావు. 2014లో 10 జిల్లాలతో ఏర్పడిన తెలంగాణలో ఇప్పుడు 33 ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది. విభజనకు ముందరి దిగుబడి అంకెను తరువాతి అంకె పక్కన పెట్టి ‘పంట పడిపోయింది’ అని రాస్తే అది వాతావరణం గురించిన నిజం కాదు, కేవలం సరిహద్దు మారడం వల్ల వచ్చిన తేడా. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జిల్లాల వారీ గణాంకాలను 1966 నాటి సరిహద్దులకు సర్ది కూడా అందిస్తోంది కాబట్టి, దీర్ఘకాలిక పోలికలకు అవి పనికొస్తాయి.

మన ప్రాంతం గురించి రాసేవారు ఇక్కడి డేటాబేసులతోనే సరిపెట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ వంటివాటిలో మెట్ట వ్యవసాయం గురించిన భారతీయ పరిశోధన అంతా చేరదు. హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (CRIDA) ప్రచురణలూ, 1901 నుంచి మొదలయ్యే భారత వాతావరణ శాఖ వర్షపాత గణాంకాలూ, థీసిస్‌ల కోసం శోధ్‌గంగ, వ్యవసాయ విశ్వవిద్యాలయాల వాటికోసం కృషికోశ్, ఇవన్నీ చూడాలి. థీసిస్‌లన్నీ ఒకే స్థాయిలో ఉండవు కనుక, వాటిని దారి చూపే గ్రంథసూచిగా వాడుకుని, అందులో పేర్కొన్న అసలు పత్రాలను చదవండి. భారత భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన అంచనా నివేదిక ఉచితంగానే దొరుకుతుంది; 1901–2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీల సెల్సియస్ పెరిగిందని అది చెబుతుంది.

ప్రపంచ స్థాయి విషయాలకు ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు నిపుణుల సంఘం ఐపీసీసీ (IPCC) నివేదికలతో మొదలుపెట్టడం సరైనదే. 1988లో ఏర్పడిన ఈ సంస్థ తాను స్వయంగా పరిశోధన చేయదు, ప్రచురితమైన పరిశోధనను మదింపు చేస్తుంది. 2021లో వచ్చిన ఒక్క భౌతికశాస్త్ర సంపుటానికే 14,000కు పైగా పత్రాలను పరిశీలించారు. అందులో ‘లైక్లీ’ అనే మాటకు 66 శాతం లేదా అంతకంటే ఎక్కువ సంభావ్యత అనీ, ‘వెరీ లైక్లీ’కి 90 శాతం లేదా అంతకంటే ఎక్కువ అనీ నిర్దిష్టమైన అర్థాలున్నాయి కనుక, మీ పేపరులో ఒకదాని బదులు మరొకటి వాడకండి.

అయినా ఐపీసీసీ చెప్పిందని అక్కడే ఆగిపోవద్దు. 2007 నివేదికలోని ఒక అధ్యాయంలో హిమాలయ హిమానీనదాలు 2035 నాటికే అంతరించిపోవచ్చని రాశారు. దానికి ఆధారంగా చూపింది పీర్ రివ్యూ (అదే రంగంలోని ఇతర నిపుణుల సమీక్ష) జరగని ఒక స్వచ్ఛంద సంస్థ నివేదిక. 2010 జనవరిలో ఐపీసీసీ ఆ పొరపాటుకు విచారం తెలిపింది. హిమానీనదాలు కరుగుతున్న మాట నిజమే, తప్పంతా ఆ సంవత్సరంలోనే ఉంది. ఏ వాక్యం కింద ఏ ఆధారం ఉందో వెనక్కి వెళ్లి చూసే అలవాటున్న పాఠకుడికి అలాంటి తప్పు దొరుకుతుంది. అందుకే మీరు వాడే ప్రతి అంకెకూ దాన్ని మొదట కొలిచిన లేదా లెక్కగట్టిన పత్రం దాకా వెళ్లండి.

పత్రిక పేరు గంభీరంగా ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. డబ్బు తీసుకుని, సరైన సమీక్ష లేకుండానే ఏదైనా అచ్చువేసే పత్రికలు చాలా ఉన్నాయి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన ఒక ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది, 2019లో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని ఆదేశించింది. మన ఊరి పేరు అలా వినిపించడం బాధాకరం, కాని తెలుసుకుని ఉండటం అవసరం. అనుమానం వస్తే ఉచితంగా చదవగలిగే పత్రికల విషయంలో వాటిని పరిశీలించి చేర్చుకునే డీఓఏజే (DOAJ) జాబితా చూడండి, పత్రాన్ని తరువాత ఉపసంహరించుకున్నారేమో రిట్రాక్షన్ వాచ్‌లో చూడండి. ఆధారాలను భద్రపరచుకునే జొటీరో (Zotero) అనే సాఫ్ట్‌వేర్‌లో దాచుకున్న పత్రం ఉపసంహరణకు గురైతే అదే హెచ్చరిస్తుంది. చాట్‌బాట్ ఇచ్చిన ఆధారాలను మాత్రం డీఓఐ (DOI, ప్రతి పత్రానికీ విడిగా ఇచ్చే గుర్తింపు) సంఖ్యతో వెతికి, పత్రాన్ని తెరిచి చదివిన తరువాతే వాడాలి, ఎందుకంటే అసలు లేని పత్రాలకు కూడా అది చక్కని పేర్లు పెట్టి చూపగలదు.

పత్రం తెరవబోతే డబ్బు అడిగితే ఎప్పుడూ కట్టకండి. గూగుల్ స్కాలర్ సెట్టింగులలో లైబ్రరీ లింకుల కింద మీ విశ్వవిద్యాలయం పేరు జతచేసుకుంటే, లైబ్రరీ చందా కట్టిన పత్రాల పక్కన దారి కనిపిస్తుంది. అక్కడా లేకపోతే ఇంటర్‌లైబ్రరీ లోన్ కింద కోరండి. వేరే విశ్వవిద్యాలయం నుంచి స్కాన్ చేసిన ప్రతి సాధారణంగా కొద్ది రోజుల్లో మీ ఈమెయిలుకు వస్తుంది, విద్యార్థికి చాలాచోట్ల ఖర్చేమీ ఉండదు.

ప్రభుత్వ వెబ్‌సైట్ల విషయంలో మరో జాగ్రత్త కూడా కావాలి. అమెరికా జాతీయ వాతావరణ అంచనా నివేదికలను ఉంచిన వెబ్‌సైటు 2025 జూన్ చివర మూతపడింది. వంద కోట్ల డాలర్లకు పైగా నష్టం కలిగించిన విపత్తుల జాబితాను ఇక నవీకరించబోమని అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా (NOAA) అదే ఏడాది మేలో ప్రకటించింది. అందుచేత మీ పేపరుకు ఆధారమైన ప్రతి నివేదికనూ, గణాంకాల ఫైలునూ కనిపించిన రోజే డౌన్‌లోడ్ చేసి, ఫైలు పేరులోనే ఆ తేదీ వేసి దాచుకోండి. లింకు పనిచేయకపోతే ఆ తేదీనీ, పాత లింకునూ మీ సబ్జెక్ట్ లైబ్రేరియన్‌కు పంపితే, పాత వెబ్ పేజీలను భద్రపరిచే వేబ్యాక్ మెషీన్‌లోనో, మరో లైబ్రరీ భండారంలోనో ఉన్న ప్రతిని వెతకడంలో వారు సాయపడతారు.