పసడీనాలో రోజ్ బౌల్: టికెట్ కొనే రోజు నుంచి స్టేడియం నుంచి బయటపడే దాకా

సెప్టెంబరు నుంచి నవంబరు చివరిదాకా అమెరికాలో ఒక్కో యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 12 మ్యాచ్‌లు ఆడుతుంది. వాటిలో కనీసం 6 గెలిచిన జట్లకు సీజన్ అయ్యాక ఇంకో మ్యాచ్ దక్కుతుంది. అదే బౌల్ గేమ్. ఆడేది ఎవరి సొంత మైదానంలోనూ కాదు, మూడో ఊళ్లో. వీటన్నిటిలో పెద్దన్న లాస్ ఏంజెలెస్ పక్కనున్న పసడీనాలో జరిగే రోజ్ బౌల్. 1902లో జరిగిన మొదటి మ్యాచ్‌లో మిషిగన్ 49-0తో స్టాన్‌ఫోర్డ్‌ను చితక్కొట్టేసింది. ఆ ఏకపక్షం చూశాక నిర్వాహకులు ఫుట్‌బాల్ పక్కన పెట్టి కొన్నేళ్లు రథాల పందేలు నడిపారు. 1916లో గానీ ఆట తిరిగి రాలేదు.

మొదటిసారి బౌల్ చూడబోతున్నారా? ఏదో ఒకటి అనుకోకుండా ప్లేఆఫ్‌లో, అంటే జాతీయ విజేతను తేల్చే నాకౌట్ పోటీలో, భాగమైన బౌల్‌నే ఎంచుకోండి. ప్లేఆఫ్ కాని బౌల్స్‌లో పేరున్న ఆటగాళ్లు చాలామంది బరిలోకే దిగరు. 2016 సీజన్ చివర లియొనార్డ్ ఫోర్నెట్, క్రిస్టియన్ మెకాఫ్రీ తమ బౌల్స్ వదులుకున్నాక ఈ అలవాటు బాగా పాకింది. ప్రొఫెషనల్ లీగ్‌లో కోట్ల కాంట్రాక్టు ఎదురుచూస్తుంటే, ట్రోఫీ తప్ప ఇంకేమీ రాని మ్యాచ్‌లో మోకాలు పోగొట్టుకోవడం ఎందుకన్నది వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పని అనలేం. సరదాయే ముఖ్యమైతే మాత్రం చిన్న బౌల్స్‌కే ఓటు: ఓర్లాండోలో గెలిచిన జట్టు తినే పదార్థంతో చేసిన మస్కట్‌నే కొరుక్కు తింటుంది, షార్లెట్‌లో గెలిచిన కోచ్ నెత్తిన మయొనైజ్ కుమ్మరిస్తారు. రోజ్ బౌల్ 2025, 2026 జనవరుల్లో ప్లేఆఫ్ క్వార్టర్ ఫైనల్‌గా జరిగింది. అలాంటి మ్యాచ్‌కు ఎవరూ డుమ్మా కొట్టరు.

తేదీ జనవరి 1. ఆ రోజు ఆదివారం పడితే 2వ తేదీకి జరుపుతారు, 2023లో అలాగే జరిగింది. ఏళ్ల తరబడి మధ్యాహ్నం 2కి మొదలయ్యే మ్యాచ్ 2026లో ఒంటిగంటకే మొదలైంది. మన దేశంలో చూసేవాళ్లకు అది 2వ తేదీ తెల్లవారుజామున రెండున్నర.

టికెట్

ప్లేఆఫ్‌కు వెళ్లే 12 జట్లను డిసెంబరు మొదట్లో ఒక ఆదివారం ప్రకటిస్తారు. అయితే అప్పుడు తెలిసేది సగమే. మొదటి 4 ర్యాంకుల జట్లు నేరుగా క్వార్టర్ ఫైనల్‌కు వెళ్తాయి కాబట్టి వాటిలో పసడీనాకు వచ్చేదెవరో అప్పుడే తేలుతుంది. ప్రత్యర్థి ఎవరో తేలాలంటే డిసెంబరు మూడో వారంలో మొదటి రౌండ్ ముగియాలి. అంటే ఆ రెండో జట్టు అభిమానులకు మిగిలేది పదిపన్నెండు రోజులు. రీసేల్ ధరలు ఎగిరేదీ పడేదీ ఈ రెండు తేదీల చుట్టూనే. జట్టు పేరు బయటికొచ్చిన రోజూ మర్నాడూ అందరూ ఎగబడతారు, ఆ రెండు రోజులూ కొనకండి. జట్టు దూరప్రాంతానిదైతే, విమానాల ఖర్చు చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. లాభానికి అమ్ముకుందామని ముందే కొని పెట్టుకున్నవాళ్లు చివరి రెండు రోజుల్లో ధర దించుతారు. ఒంటరిగానో ఇద్దరుగానో వెళ్తే చివరిదాకా ఆగవచ్చు. నలుగురికి పక్కపక్కన సీట్లు కావాలంటే ఆ ఆట ఆడకండి, ముందే కొనేయండి. మీరు చదివే యూనివర్సిటీ జట్టే ఆడుతుంటే రీసేల్ జోలికి పోకుండా, ముందు యూనివర్సిటీ వాళ్ల టికెట్ ఆఫీసులో స్టూడెంట్ కోటా ఉందేమో అడగండి.

ధర చూసేటప్పుడు ఫీజులు కలిపిన మొత్తమే చూడాలి. ఆ సీటు ఏ జట్టు అభిమానుల వైపు ఉందో కూడా చూసుకోవాలి. ఎర్ర చొక్కాల మధ్య పచ్చ చొక్కాతో నాలుగు గంటలు కూర్చోవడం ప్రమాదమేమీ కాదు, కానీ సుఖంగానూ ఉండదు.

సీటు

స్టేడియం పేరూ రోజ్ బౌలే. 1922 నాటి కట్టడం, దాదాపు 90 వేలమంది పడతారు. ఇప్పటి స్టేడియాల్లా నిటారుగా లేచి ఉండదు, వెడల్పాటి మూకుడులా పరుచుకుని ఉంటుంది. అందుకే ఇక్కడ ముందు వరస మోజు పనికిరాదు. వాలు తక్కువ, పైగా మైదానం అంచు గీత పక్కన జట్టు మొత్తం లేచి నిలబడే ఉంటుంది. కింది వరసల్లో కూర్చుంటే హెల్మెట్ల వెనక భాగాలే కనిపిస్తాయి. ఇరవయ్యో వరస కన్నా కిందికి వెళ్లకండి, నలభై దాటినా నష్టం లేదు. విలేకరులు కూర్చునే ప్రెస్ బాక్స్ ఉన్న పడమటి వైపు సీట్లకు సూర్యుడు వెనక ఉంటాడు. తూర్పు వైపు కూర్చుంటే మధ్యాహ్నమంతా ఎండ కళ్లలోకే కొడుతుంది, టోపీ తప్పనిసరి. దక్షిణం కొస దూరమే, కానీ ఎదురుగా శాన్ గేబ్రియెల్ కొండలు. ఐదు గంటలకు కాస్త ముందు పొద్దు గూకేటప్పుడు ఆ కొండల మీద పడే గులాబీ రంగును చూడ్డానికే అక్కడ కొనేవాళ్లున్నారు.

చేరడం

అదే రోజు ఉదయం 8కి రోజ్ పరేడ్, అంటే పూల శకటాల ఊరేగింపు, ఉంటుంది, పొడవు ఐదున్నర మైళ్లు. దానికోసం కొలరాడో బులెవార్డ్‌ను ముందు రాత్రి 10 నుంచే మూసేస్తారు, మధ్యాహ్నం 2కి గానీ తెరవరు. కారుతో వచ్చేవాళ్లు మునిగేది ఇక్కడే. ఆ వీధి ఊరిని అడ్డంగా రెండు ముక్కలు చేస్తుంది. స్టేడియం దానికి ఉత్తరాన ఉంది, దక్షిణాన దిగిన కారు అటు దాటాలంటే చుట్టూ తిరగాలి.

మెట్రో రైలు A లైన్ మేలు. లాస్ ఏంజెలెస్ యూనియన్ స్టేషన్ నుంచి ఉత్తరం వైపు రైలెక్కి మెమోరియల్ పార్క్ స్టేషన్‌లో దిగాలి. అంతకు ముందొచ్చే డెల్ మార్‌లో పొరపాటున దిగితే పరేడ్‌కు అవతలి గట్టున మిగిలిపోతారు. మెమోరియల్ పార్క్ నుంచి స్టేడియానికి నడక ముప్పావు గంట, వెళ్లేటప్పుడు చాలావరకు పల్లమే. పెద్దవాళ్లుంటే ఓల్డ్ పసడీనా నుంచి షటిల్ బస్సు ఏర్పాట్లేమిటో ఆ ఏడాది ప్రకటనలో చూసుకోండి. పరేడ్, మ్యాచ్ రెండూ చూడాలంటే పరేడ్ మొదలయ్యే ఆరెంజ్ గ్రోవ్ వైపే నిలబడండి. చివరి శకటం అక్కడ ముందే దాటిపోతుంది, స్టేడియమూ దగ్గర. 

కారు తప్పదంటే పార్కింగ్ ముందే కొనాలి. బళ్లు ఆపేది గోల్ఫ్ కోర్స్ గడ్డి మీద. ముందు రోజు వాన పడితే బురదే. మ్యాచ్ అయ్యాక బయటపడటానికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది.

విమానమైతే లాస్ ఏంజెలెస్ పెద్ద విమానాశ్రయం ఎల్ఏఎక్స్ కంటే బర్బ్యాంక్ విమానాశ్రయం పసడీనాకు చాలా దగ్గర. కొత్త సంవత్సరానికి పసడీనా హోటళ్లు రేట్లు పెంచేస్తాయి. మెట్రో A లైన్ పక్కన ఇంకో ఊళ్లో దిగడమే తెలివి.

గేటు

బ్యాగు పారదర్శకంగా ఉండాలి, 12×6×12 అంగుళాలు దాటకూడదు. లేదా గ్యాలన్ సైజు జిప్‌లాక్ కవరు. మామూలు హ్యాండ్‌బ్యాగ్ అయితే అరచేయంత, నాలుగున్నర ఆరున్నర అంగుళాలు మించకూడదు. గొడుగు రానివ్వరు, వాన సూచన ఉంటే రెయిన్‌కోటు పట్టుకెళ్లండి. టికెట్ ఫోన్‌లోనే ఉంటుంది కాబట్టి ఇంట్లో ఉండగానే ఫోన్ వాలెట్ యాప్‌లోకి దించుకోండి. గేటు దగ్గర వేలమంది ఒకేసారి ఫోన్లు తీస్తే నెట్‌వర్క్ చచ్చిపోతుంది. మధ్యాహ్నం టీషర్టు చాలు, పొద్దు గూకగానే స్వెటర్ కావాలి. ఒకసారి బయటికెళ్తే మళ్లీ రానివ్వరు, కాబట్టి స్వెటర్‌ను కారులో వదలకండి.

లోపల సీట్లలోకి వెళ్లేవి సొరంగాల్లాంటి 28 దారులు, అన్నీ ఇరుకే. విరామంలో అక్కడ తొక్కిడి. బాత్రూం పని మొదటి క్వార్టర్ (ఆటలో నాలుగో వంతు) చివర్లో ముగించుకుంటే విరామంలో రెండు యూనివర్సిటీల బ్యాండ్‌లూ చూడొచ్చు. టీవీలో చూపించనిది అదే.

ఆట

యార్డంటే మన గజమే. ఇంటి స్థలాలు గజాల్లో బేరమాడే మనకు ఈ ఆట కొలత కొత్త కాదు. మైదానం 100 గజాలు, రెండు కొసల్లో మరో పదేసి. బంతి ఉన్న జట్టు 4 ప్రయత్నాల్లో, అంటే 4 డౌన్లలో, 10 గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ కొత్తగా 4. బంతిని ఎదుటి కొసలోకి చేరిస్తే టచ్‌డౌన్, దానికి 6. ఆ తర్వాత బంతిని తన్ని గోల్ కర్రల మధ్య దాటిస్తే 1, తన్నకుండా మళ్లీ ఆడి కొసలోకి చేరిస్తే 2. టచ్‌డౌన్ లేకుండానే కర్రల మధ్య తంతే అది ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు.

ఆ 10 గజాలు ఎక్కడికి పూర్తవుతాయో చూపిస్తూ టీవీలో కనిపించే పసుపు గీత స్టేడియంలో ఉండదు. చాలామంది కొత్తవాళ్లు తికమకపడేది అక్కడే. మైదానం అంచు గీత పక్కన ఇద్దరు, రెండు కొసలా కర్రలున్న గొలుసు పట్టుకుని నిలబడతారు, దూరపు కర్ర ఉన్నచోటికి బంతి చేరాలి. మూడో కర్ర మీద డౌన్ అంకె ఉంటుంది. ప్రతి బంతికీ ముందు ఆ అంకె చూడటం అలవాటు చేసుకోండి. మూడో డౌన్, ఇంకా ఏడు గజాలు అనుకుందాం. పరుగుతో ఏడు గజాలు రావడం కష్టం, కాబట్టి విసురుతారని డిఫెన్స్‌కు తెలుసు, స్టేడియానికీ తెలుసు. బంతి లేని జట్టు అభిమానులు అప్పుడే లేచి అరుస్తారు, బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ మాట పక్కవాడికి వినపడకుండా. ఎవరో ఒకడు ముందే కదిలి 5 గజాలు పోగొట్టుకుంటాడు. ఏడు కాస్తా పన్నెండవుతుంది. ఆ అరుపు ఊరికే పోలేదన్నమాట.

ప్రొఫెషనల్ ఆట చూసినవాళ్లు మూడు తేడాలు గుర్తుంచుకుంటే చాలు. క్యాచ్‌కు ఒక పాదం లోపల ఉంటే సరిపోతుంది. బంతి పట్టుకున్నవాడి మోకాలు నేలకు తాకితే, ప్రత్యర్థి ఎవరూ తాకకపోయినా ఆట అక్కడితో ఆగినట్టే. స్కోరు సమమైతే రెండు జట్లకూ 25 గజాల దూరం నుంచి చెరో అవకాశం. 2024లో మిషిగన్ అలబామాను 27-20తో ఓడించింది అలాగే. ఆట గడియారం ప్రకారం గంటే, నిజానికి మూడున్నర గంటలు పడుతుంది.

బయటికి

చివరి ఈల కాగానే లేవకండి. ట్రోఫీ ఇచ్చేదాకా కూర్చుంటే సొరంగాలు ఖాళీ అవుతాయి. వచ్చేటప్పటి పల్లం ఇప్పుడు ఎక్కుడు, ముప్పావు గంట నడక గంటవుతుంది. మెమోరియల్ పార్క్‌లో రైలు నిండి వస్తే కంగారుపడకండి, ఉత్తరం వైపు రైలెక్కి ఒక స్టేషన్ వెనక్కి, లేక్‌కు వెళ్లి, అక్కడ యూనియన్ స్టేషన్ మీదుగా లాంగ్ బీచ్ వైపు వెళ్లే రైలు ఎక్కితే సీటు దొరికే అవకాశం ఎక్కువ.